రెండోసారి అడగకూడదు

మా అక్క తెలివిగలది. ఈ మాట మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. ఏ తెలివి అని మాత్రం ఎవరూ అడగలేదు. తెలివంటే ఒకటే ముద్ద అనుకుంటారు జనం, ఉంటే అంతా ఉంటుంది, పోతే అంతా పోతుందని. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను. అది ముక్కలు ముక్కలుగా పోతుంది. పోయినా ఫరవాలేనిది ఆఖరిదాకా మిగులుతుంది, ఆఖరిదాకా ఉండాల్సింది అన్నిటికంటే ముందు పోతుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. తలుచుకుంటే కడుపు మండిపోతుంది నాకు.

మాది బట్టలు సరిచేసే షాపు. కొన్న కోటు వదులైనా, ప్యాంటు పొడుగైనా, పాత గౌను నడుము దగ్గర పట్టకపోయినా మా దగ్గరికి తెస్తారు. ముందు గదిలో నిలువుటద్దం, దాని ఎదురుగా మనిషి నిలబడడానికి ఒక ఎత్తుపీట, పక్కన అక్క. పరదా వెనక గదిలో మిషను, ఇస్త్రీ పెట్టె, గుండీల డబ్బా, నేను. అక్క గుండుసూదులు గుచ్చి గుర్తులు పెడుతుంది, నేను కుడతాను. టేపు ఒకటి మేకుకు వేలాడుతూ ఉంటుంది గాని అక్క దాన్ని ముట్టగా నేను చూడలేదు. ఒంటిమీద చెయ్యి వేస్తే చాలు, ఎక్కడ ఎంత తియ్యాలో ఆ చేతికి తెలిసిపోతుంది. ఒకసారి చెయ్యి వేసిన ఒళ్ళు మళ్ళీ ఎన్నేళ్ళకు వచ్చినా గుర్తుపడుతుంది. “మీరు కుడికాలి మీద బరువు వేసి నిలబడతారు కదండీ” అని మనిషి పీట ఎక్కకముందే అనేది.

ఆ పీట మీద ఒక ఆచారం పుట్టింది. ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ పెట్టలేదు. సూదులు గుచ్చేటప్పుడు అక్క వాటిని పెదాల మధ్య పట్టుకుంటుంది, అంచేత మాట్లాడలేదు. కదలకుండా నిలబడ్డ మనిషికి ఏమీ తోచదు, ఎదురుగా అద్దంలో తన మొహమే. దాంతో నోరు విప్పుతారు. ఇంట్లో గొడవలు, అన్నదమ్ముల తగువులు, పిల్లల సంగతులు, అన్నీ. అక్క వింటూ గుచ్చుకుంటూ పోతుంది. ఆఖరి సూది నోట్లోంచి తీశాక ఒక్క మాట చెబుతుంది. ఆ మాటే తీర్పు. రెండోసారి అడగకూడదు. అడిగితే అక్క నవ్వి, “మళ్ళీ అడిగితే నువ్వు కోరుకున్నదే చెబుతానమ్మా, దానివల్ల నీకు లాభం లేదు” అనేది. అందుకే ఆమెను అందరూ జడ్జమ్మ అన్నారు.

నాకూ ఒక పేరుంది. గుండుసూది. అనిపించింది అనిపించినట్టు మొహాన అనేస్తానని. లౌక్యం లేదని. నిజమే, లేదు. అది అమ్మ కడుపులోంచి అక్క ఒక్కతే మూటగట్టుకుని వచ్చేసినట్టుంది, నా వంతు మిగల్చలేదు.

మంచి రోజుల్లో అక్క ఎలాంటిదో చెప్పకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. ఒకే వారంలో ఇద్దరు తండ్రులు ఒకే బాధతో వచ్చారు. ఒకాయన గడియారాలు బాగుచేస్తాడు, ఇంకొకాయనది రొట్టెల బట్టీ. ఇద్దరి కొడుకులూ తండ్రి పని వద్దు, వేరే ఊరు పోతామంటున్నారు. గడియారాలాయనతో అక్క పంపించెయ్యమంది. బట్టీ ఆయనతో ఇంకొక్క ఏడాది ఆపమంది. నాకు ఒళ్ళు మండింది. ఇదేం న్యాయం, ఒకడికో మాట ఇంకొకడికో మాటా అని నిలదీశాను. అక్క తాపీగా చెప్పింది, గడియారాలాయన కొడుకు షాపులో ఉన్నంతసేపూ వీధివైపే తిరిగి ఉన్నాడట, బట్టీ ఆయన కొడుకు తండ్రి పాత చొక్కా తన ఒంటికి సరిచెయ్యమని తెచ్చుకున్నాడట. తండ్రి చొక్కా తొడుక్కోవాలనుకునేవాడు వెళ్ళేవాడు కాదు, అలిగినవాడు అంతే అంది. రెండూ అలాగే జరిగాయి. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. అది అసలు తెలివి. మాట గొప్పతనం కాదు, ఎవరికి చెబుతున్నామో తెలియడం.

మా ఆయన, మా పిల్ల పాకే వయసులో ఉండగానే పోయాడు. బావ అంతకుముందే లేడు, అక్కకు పిల్లలు లేరు. కాబట్టి నా కూతురు మా ఇద్దరి మధ్యా పెరిగింది, ఆ పీట కిందే ఆడుకుంది. దానికి పుట్టుకతోనే ఎడమ భుజం కాస్త పల్లంగా ఉంటుంది. చూస్తే తెలియదు, బట్ట వేస్తేనే తెలుస్తుంది, ఒకపక్క జారుతుంది. అక్క దాని ప్రతి చొక్కాలోనూ, ప్రతి గౌనులోనూ ఎడమ భుజం లోపల పలచని మెత్త ఒకటి పెట్టి కుట్టేది. మూడోకంటికి తెలియనిచ్చేది కాదు. బడిలో ఎవరూ దాన్ని వంకరభుజం అనలేదంటే అది అక్క చలవే. ఆ పిల్లకు నేను అన్నం పెట్టిన అమ్మను, అక్క సమాధానాలు చెప్పే పెద్దమ్మ. పరీక్ష తప్పినా, ఎవరిమీదన్నా మనసు పడినా ముందు చెప్పేది పెద్దమ్మకే. నాకు చెబితే వీధి చివరిదాకా వినపడుతుందని దాని భయం.

అక్క తప్పిపోవడం మొదలైంది ఎప్పుడో నాకు తెలియదు. కనిపెట్టింది మాత్రం పోస్టుమాన్ వచ్చిన రోజు. ఆయనకు పెళ్ళే కాలేదు. ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి, తన పైఅధికారి సతాయింపు గురించి చెప్పుకుంటూ నిలబడ్డాడు. అక్క ఆఖరి సూది తీసి, “పిల్లల ముందు గొంతు పెంచకు నాయనా, వాళ్ళకు మాట గుర్తుండదు, గొంతే గుర్తుంటుంది” అంది. పరదా వెనక నేను ఇస్త్రీ పెట్టె పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాను. పోస్టుమాన్ కాసేపు ఆలోచించి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పది మందికీ చెప్పాడు కూడా. జడ్జమ్మ నా లోపల పిల్లాడిని చూసిందండీ, నేను అధికారి ముందు పిల్లాడిలా వణుకుతున్నానని కనిపెట్టిందండీ అని. నేను నవ్వాలో ఏడవాలో తెలియక ఆ ప్యాంటు కుట్టాను.

తర్వాత చెవులు రిక్కించి విన్నాను. అక్క దగ్గర ఓ గుప్పెడు మాటలు మిగిలాయి. పూర్వం ఎవరికో ఎప్పుడో అచ్చంగా సరిపోయిన మాటలే. వాటినే తిప్పి తిప్పి వచ్చినవాళ్ళకల్లా చెబుతోంది. వచ్చినవాళ్ళు వాటిని లాగి, కత్తిరించి, తమ ఒంటికి తామే సరిచేసుకుని సంతోషంగా పోతున్నారు. ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు. సాయంత్రం తాళం వేశాక నన్నే అడిగేది, పొద్దున వచ్చినావిడ ఎవరు, మనకు చుట్టమా అని. ఆ వచ్చినావిడ మా ఇంటి యజమానురాలు.

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు మంచాయనే, ఆయన కోట్ల చేతులు మేమే పొట్టి చేస్తాం. జబ్బుకు పేరు చెప్పాడు, కాగితం మీద మెదడు బొమ్మ గీసి చూపించాడు. ముందు మనుషులు పోతారు, మొహాలు, పేర్లు. చేతిపని చాలాకాలం పోదు. మాటతీరు, మర్యాద కూడా త్వరగా పోవు. అందుకే ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అంతుపట్టదు అన్నాడు. మరి ఏం చెయ్యమంటారు అంటే, అక్కడితో ఆయన పుస్తకం అయిపోయింది. జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. అంతా బాగుంది. తర్వాతి వారం ఆయనే కోటు తెచ్చుకుని పీట ఎక్కాడు. ఎక్కి, తన కింద పనిచేసే కుర్ర డాక్టరు పొగరు గురించి మొదలుపెట్టి, ఆఖరి సూది కోసం అద్దంలో చూస్తూ నిలబడ్డాడు. జబ్బుకు పేరు పెట్టిన మనిషి! ఆయనకు తెలిసింది ఒకటి, నమ్మింది ఒకటి. రెండింటికీ మధ్య గోడ ఉన్నట్టుంది.

అక్కను ఆ అద్దం ముందునుంచి తప్పించి చూశాను. రోజంతా కుర్చీలో కూర్చుని తన గౌను అంచు తనే విప్పుకుంటూ, దారాలు పీకుతూ, ఎవరో పిలుస్తున్నట్టు తలెత్తి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు భరించలేక మళ్ళీ చేతికి సూదులిచ్చాను. చెయ్యి సూది పట్టగానే మొహంలో మనిషి తిరిగొచ్చింది. సరే, పని చేసుకోనీ అనుకుని, వచ్చిన ప్రతివాళ్ళకూ గుమ్మంలోనే చెప్పాను. బట్ట ఇవ్వండి, సలహా అడక్కండి, మా అక్కకు ఒంట్లో బాగాలేదు, మీరెవరో ఆమెకు తెలియదు అని. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వాళ్ళు నావైపు జాలిగా చూశారు. గుండుసూదికి అక్కంటే కుళ్ళు, ఇన్నాళ్ళకు బయటపడింది అనుకున్నారు. ఒకావిడ ఆ మాట నాతోనే అంది.

ఈలోగా నా కూతురికి పెళ్ళయింది. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. చూడ్డానికి నెమ్మదస్తుడు, అత్తయ్యగారూ అని తప్ప పిలవడు, వెనక ఎవరైనా వస్తుంటే తలుపు తెరిచి పట్టుకుని నిలబడతాడు. వాళ్ళుండేది బస్సులో పూట ప్రయాణం. పిల్ల అంతగా వచ్చేది కాదు. ఆ మధ్యాహ్నం కబురూ కాకరకాయా లేకుండా చేతిసంచితో వచ్చింది. పరదాలోంచి తల పెట్టి, కోటు వదులైందమ్మా, పెద్దమ్మ చేత సరి చేయించుకుంటా అంది. చిక్కిపోయావేమే అన్నాను. పని ఎక్కువ అంది. నేను గుండీకి కాజా కుట్టడం మధ్యలో ఉన్నాను, ఇదిగో వస్తున్నా అన్నాను.

పీట ఎక్కింది. అక్క నోట్లో సూదులు పెట్టుకుంది. అప్పుడు నా కూతురు మొదలుపెట్టింది, గొంతు బాగా తగ్గించి. మిషను ఆగి ఉంది కాబట్టి ప్రతి మాటా వినపడింది నాకు.

అతను ఎప్పుడూ కేకలు వెయ్యడట. గొంతు తగ్గిందంటేనే దానికి భయమట. నలుగురి ముందు నవ్వుతూ మెడ వెనక చెయ్యి వేస్తాడట, ఆ వేళ్ళు ఎంత గట్టిగా బిగిస్తాడో ఎవరికీ కనపడదట. మొదట తోశాడు. తర్వాత తలుపు సందులో చెయ్యి పెట్టించి తలుపు వేశాడు. ఆ రాత్రి తనే మందు తెచ్చి రాశాడు. మొన్న మెట్ల మీద నిలబెట్టి, ఇక్కడినుంచి పడితే ఏం విరుగుతుందో చెప్పు అని అడిగాడట, లిఫ్టు గురించి మాట్లాడినట్టే మామూలుగా. “వచ్చేశాను పెద్దమ్మా. వచ్చెయ్యడం తప్పా? ఇక్కడే ఉండిపోనా, తిరిగి అతని దగ్గరికి వెళ్ళిపోనా? నువ్వేం చెబితే అది చేస్తా” అంది.

నేను లేచాను. ఒళ్ళో ఉన్న ఎవరిదో కోటు, దారం, గుండీల డబ్బా అన్నీ కిందపడ్డాయి. కాలికి దారం చుట్టుకుంది. పరదా తీసేసరికి అక్క ఆఖరి సూది నోట్లోంచి తీస్తోంది.

“ఇవాళే వెళ్ళు తల్లీ” అంది. “ఆలస్యమైనకొద్దీ గడప ఎత్తు పెరుగుతుంది. నువ్వు ఒక మెట్టు దిగు, అతను రెండు మెట్లు దిగుతాడు.”

అద్దంలో నా కూతురి మొహం చూశాను. తేటపడింది. ఎన్ని రోజులనుంచి మోస్తోందో ఆ ప్రశ్నను, ఎవరో చేతుల్లోంచి అందుకున్నట్టు ఊపిరి వదిలింది.

అది బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. అక్క నా చెయ్యి పట్టుకుని గుసగుసగా చెప్పింది, ఆ మందుల షాపాయన చెల్లెలు మంచి పిల్లే, కిటికీ పరదాల రంగు దగ్గర మొగుడితో పంతానికిపోయి వచ్చేసింది, నచ్చజెప్పి పంపిస్తున్నాను అని. మందుల షాపాయన చెల్లెలు వచ్చింది ఎప్పుడో ఏళ్ళ కిందట. ఆ సలహా ఆమెకు రత్నంలాంటి సలహా. ఈరోజుకీ కాపురం చేసుకుంటోంది.

నేను కూతురి రెక్క పట్టుకుని అక్క ముందుకు లాక్కొచ్చాను. ఇదెవరో చెప్పు అన్నాను. అక్క ఒక్క క్షణం చూసింది. ఆ క్షణం నాకు తెలుసు, లోపల చీకట్లో తడుముకుంటోంది. వెంటనే నవ్వింది, పిల్ల గడ్డం పట్టుకుంది. “అదేం ప్రశ్న, నా బంగారం కాదూ” అంది. మొహమాటం వచ్చినప్పుడు అందరితోనూ అనే మాటే అది. మనిషిని ఎరిగిన తెలివి పోయింది గాని లౌక్యం చెక్కు చెదరలేదు, ఆ పోయినదాని మీద దుప్పటి కప్పి కాపలా కాస్తోంది.

“చూశావా” అంది నా కూతురు.

“ఏం చూడాలే? పేరు చెప్పమను. పెద్దమ్మకు నువ్వెవరో తెలియదు. ఎవరికో చెప్పాల్సింది నీకు చెప్పింది. వెళ్ళొద్దు. వాడు నిన్ను చంపేస్తాడే!”

అది కోపం తెచ్చుకోలేదు. చేతిలో ఉన్న కోటు తిరగేసి ఎడమ భుజం లోపలి వైపు చూపించింది. కోటు కొన్నది, అక్క కుట్టింది కాదు. అయినా ఆ పూట సూదులు గుచ్చుతూనే, ఎవరూ అడక్కుండానే, పలచని మెత్త ఒకటి అక్కడ పెట్టి గుచ్చింది అక్క. “నేను చెప్పలేదమ్మా. చెయ్యి వేసి తనే పెట్టింది. నేనెవరో తెలియకపోతే ఇదెలా తెలుస్తుంది? నన్ను ఇంతకంటే ఎరిగినవాళ్ళు ఎవరున్నారు?” అంది.

చెప్పాను. చేతికి తెలియడం వేరు, మనిషికి తెలియడం వేరు, డాక్టరు చెప్పాడు అని అరిచాను. అరుస్తూనే ఉన్నాను. అది చెవులు మూసుకోలేదు, అలా చూస్తూ నిలబడి చివరికి ఒక మాట అంది. “నువ్వు ప్రతిదానికీ ఇదే గొంతు పెడతావమ్మా. బడిలో పెన్సిల్ పారేసుకున్నప్పుడూ ఇదే గొంతు. ఏది నిజంగా ప్రమాదమో నాకెలా తెలియాలి?”

నిజం చెప్పే గొంతు ఎలా ఉండాలో నాకెవరు నేర్పారు? ఆ ఇంట్లో కళ్ళు తెరుచుకుని ఉన్నది నేనొక్కదాన్నే. ఉండి ఏం లాభం? కనిపించడం ఒక తెలివి, అది నాకుంది. నమ్మించడం ఇంకో తెలివి. అదుంటే ఆరోజు నా కూతురు ఆగేది.

కోటు నేను కుట్టను అన్నాను, కోటు వేళకు తయారుకాకపోతే బస్సు తప్పిపోతుందని నా వెర్రి ఆశ. అక్క తనే కిటికీ దగ్గర కూర్చుని చేత్తో కుట్టింది. ఆ కుట్టు ఎంత అందంగా వచ్చిందంటే మడత ఎక్కడుందో కనిపించలేదు. నా కూతురు ఆ కోటు తొడుక్కుని, పెద్దమ్మ చెంప మీద ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను బస్సుదాకా వెంటపడ్డాను. రెండోసారి అడగకూడదమ్మా అంది బస్సెక్కుతూ, నవ్వడానికి చూసింది.

ఆగలేక ఆ వారమే వాళ్ళింటికి వెళ్ళాను. అల్లుడు కుర్చీ వేశాడు, టీ తనే పెట్టి తెచ్చాడు, ప్రయాణం ఎలా జరిగింది అత్తయ్యగారూ అన్నాడు. అంటూ దాని మెడ వెనక చెయ్యి వేశాడు. పిల్లను నాతో పంపమన్నాను. తప్పకుండా అండీ, తనిష్టం అన్నాడు. అది తలొంచుకుని, ఇక్కడే బాగుందమ్మా అంది. నన్ను సాగనంపడానికి మెట్లదాకా వచ్చినప్పుడు మాత్రం నెమ్మదిగా చెప్పింది, పెద్దమ్మ అన్నట్టే ఒక మెట్టు దిగాను, చూడాలి అని. పోలీసులకు చెప్పాను. అమ్మాయి వచ్చి చెబితే రాసుకుంటాం అన్నారు.

చలి ముదిరాక వాళ్ళ కింది ఇంటావిడ ఫోను చేసింది. మెట్ల మీదనుంచి పడింది, ఆస్పత్రిలో ఉంది, త్వరగా రండి అని. ఎడమవైపు మెడ కింది ఎముక విరిగింది. పక్కటెముకలు కూడా. ఎముక సరిగ్గా అతకలేదు, భుజం ముందుకు వంగి లోపలికి ముడుచుకుపోయింది. కాలు జారిందని అతను చెప్పాడు, కాలే జారిందని అదీ చెప్పింది. అతను ఇప్పటికీ లిఫ్టులు బాగుచేస్తూ, మనుషులకు తలుపు పట్టుకుంటూ తిరుగుతున్నాడు.

ఇంటికి తెచ్చుకున్నాను. కట్లు విప్పాక అది కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తూ ఉండేది. ఒకరోజు తల దువ్వుతుంటే తనంతట తనే అంది, పెద్దమ్మ చెప్పింది తప్పు కాదమ్మా, నేనే మెట్టు సరిగ్గా దిగలేకపోయాను, ఈసారి ఇంకాస్త ఓర్చుకుంటే సరిపోతుందేమో అని. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అంటే మళ్ళీ వెళ్ళే ఆలోచనలో ఉంది. ఎముకలు విరిగినా ఆ మాట విరగలేదు. తనను అంతగా ఎరిగిన మనిషి చెప్పింది కాబట్టి అది తప్పయ్యే వీలు లేదు, తప్పంతా తనదే. ఆ క్షణం నాకు అక్క పీక నులమాలనిపించింది. ఏమీ ఎరగని అక్క పీక. ఏం ప్రయోజనం?

మెల్లగా చెప్పాలని చూశాను. నా జన్మలో మొదటిసారి గొంతు తగ్గించాను. గొంతు తగ్గగానే పిల్ల ఉలిక్కిపడి గోడవైపు జరిగింది. ఇంకేం చెప్పను?

మర్నాడు పొద్దున ఆ కోటు తీసి వేసుకుంది. ఎక్కడికే అంటే, కోటు పట్టడం లేదు, పెద్దమ్మ చేత సరి చేయించుకుంటా అంది. సరిచేసుకుని ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. నేను కుడతాను ఇటివ్వు అన్నాను. వద్దు, పెద్దమ్మకే తెలుస్తుంది అంది. ఇద్దరం షాపుకి వెళ్ళాం. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు కాచుకుని ఉన్నారు, డాక్టరు కూడా ఉన్నాడు.

అది పీట ఎక్కింది. అక్క సూదులు నోట్లో పెట్టుకుని వచ్చి, అలవాటు ప్రకారం వెనకనుంచి రెండు భుజాల మీదా చేతులు వేసింది.

కుడి చెయ్యి కదిలింది. ఎడమ చెయ్యి అక్కడే ఆగింది. ఆ చెయ్యి కాస్త ముందుకు జరిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది, మెడ కింద ఎముక అతుక్కున్న ముడి దగ్గర తడిమింది. అక్క అటువైపు వెళ్ళి చూసింది, ఇటువైపు వచ్చి చూసింది. లోపల మెత్తను వేలితో నొక్కింది. ఆ చేతులు అలా బిత్తరపోవడం నేనెప్పుడూ చూడలేదు. నా కూతురు అద్దంలో పెద్దమ్మ మొహమే చూస్తోంది, ఇంకా ఏమీ చెప్పుకోలేదు, ఆ చేతులు ముందు తనను గుర్తుపట్టాలని కాచుకుని ఉంది.

అక్క ఒక్క సూది కూడా గుచ్చలేదు. నోట్లోంచి అన్నీ తీసి డబ్బాలో వేసింది. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు గౌనుకు తుడుచుకుని, ఎంతో మర్యాదగా నవ్వింది.

“క్షమించండమ్మా, ఈ భుజం నాకు కొత్త. మీరు ఇంతకుముందు మా దగ్గరికి రాలేదు కదా?”

నా కూతురు అద్దంలోంచి నావైపు చూసింది. అప్పుడు తెలిసింది దానికి, నేను అరిచి అరిచి చెప్పినది. ఆరోజు ఆ పీట మీద తనకు ఎవరూ ఏమీ చెప్పలేదని. ఎవరూ లేని గదిలో అడిగి, ఎవరిదో జవాబు పట్టుకుని ఆ మెట్లు ఎక్కిందని. నేను గెలిచాను. ఇలాంటి గెలుపు పగవాళ్ళకు కూడా వద్దు.

“లేదండీ” అంది అది అక్కతో. “ఇదే మొదటిసారి.”

“అయితే కొలతలు తీసుకోవాలి” అంది అక్క, షాపంతా చూస్తూ. “టేపు ఎక్కడుందో.”

నేను మేకు మీదనుంచి టేపు తీసి దుమ్ము దులిపాను. అక్క సుద్దముక్క పట్టుకుని పక్కన నిలబడింది. నా కూతురి మెడ దగ్గర టేపు ఆనించి, ఆ ముడి మీదుగా, వంగిపోయిన భుజం చివరిదాకా లాగాను. అంకె కనిపిస్తోంది గాని పైకి చెప్పలేదు.

“ఎంత?” అంది అక్క.

బెంచీ మీద డాక్టరు తలొంచుకున్నాడు.

“ఎంతమ్మా?” అని అక్క రెండోసారి అడిగింది.